గురజాడ ఇంగ్లీషు బోధన: ‘కన్యాశుల్కం’ నుంచి అసమ్మతి పత్రం వరకు

ప్రస్తావన

గురజాడ అప్పారావు (1862-1915)ను నాటకకర్తగా, కవిగా, కథకుడిగా, వ్యావహారిక భాషావాదిగా పరిశీలించిన రచనలు తెలుగులో విస్తారంగా ఉన్నాయి. ఆయన విజయనగరం మహారాజా కళాశాలలో ఇంగ్లీషు బోధించిన విషయం మాత్రం తరచుగా జీవిత విశేషాల పట్టికలో ఒక వాక్యంగానే మిగిలిపోతున్నది. ఆ వృత్తికీ ఆయన భాషాచింతనకూ గల సంబంధాన్ని పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

అధ్యాపక వృత్తి

గురజాడ రచనా వ్యాసంగం ఇంగ్లీషులోనే మొదలైంది. విద్యార్థి దశలో ఆయన రాసిన ‘సారంగధర’ ఇంగ్లీషు కావ్యాన్ని చదివిన కలకత్తా పత్రికా సంపాదకుడు శంభుచంద్ర ముఖర్జీ, మాతృభాషలో రాయమని ఆయనను ప్రోత్సహించాడు. 1886లో బి.ఏ. పూర్తిచేసిన గురజాడ, మరుసటి సంవత్సరం తాను చదివిన కళాశాలలోనే అధ్యాపకుడిగా చేరాడు. ఎఫ్.ఏ., బి.ఏ. తరగతులకు ఇంగ్లీషు వ్యాకరణం, అనువాదం, సంస్కృత సాహిత్యం, గ్రీకు రోమను చరిత్రలు బోధించాడు.

వీటిలో అనువాద బోధన ప్రత్యేకంగా గమనించదగినది. అనువాదం చెప్పే అధ్యాపకుడు రెండు భాషల లిఖిత రూపాలను నిత్యం పక్కపక్కన పెట్టి చూడవలసి ఉంటుంది. ఆనాటి ఇంగ్లీషు వచనం విద్యావంతుల వాడుకకు చేరువగా ఉన్నది. తెలుగు వచనం మాత్రం ‘బాలవ్యాకరణం’ (1858) ఏర్పరచిన కట్టుబాట్లకు లోబడి, వాడుకకు దూరమైంది. విద్యార్థి ఇంగ్లీషుతోపాటు తన మాతృభాషనూ కొత్తగా నేర్చుకోవలసిన స్థితి అది.

నాటకంలో తరగతి గది

ఈ బోధనానుభవపు జాడలు ‘కన్యాశుల్కం’ రెండవ కూర్పు (1909)లో స్పష్టంగా కనిపిస్తాయి. ద్వితీయాంకంలో గిరీశం, వెంకటేశం అగ్నిహోత్రావధాన్ల ఇంట ఇంగ్లీషు ‘సంభాషణ’ సాగిస్తారు. అందులో పిల్లల గేయపు పాదాలు, రేఖాగణిత సూత్రపు ముక్కలు, నామవాచకాల బహువచన నియమం, కొంత మార్చిన మిల్టన్ కావ్యారంభం ఒకదాని వెంట ఒకటి వస్తాయి. అర్థమేమిటని తండ్రి అడిగితే, సెలవుల్లో చదవవలసిన విషయాలు మాట్లాడుకుంటున్నామని గిరీశం సర్దిచెబుతాడు.

హాస్యం కోసం ఏరిన ఈ మాటలన్నీ పాఠ్యసామగ్రిలోనివే. అర్థంతో నిమిత్తం లేకుండా శబ్దాన్ని వల్లెవేయడమే చదువుగా చెలామణి అయిన పద్ధతిని ఇవి పట్టి ఇస్తాయి. అగ్రహారంలోని వేదపాఠానికీ, పట్నంలోని ఇంగ్లీషు పాఠానికీ మధ్య ఉన్న ఈ పోలికను లోపలి నుంచి చూడగలిగినవాడు ఇంగ్లీషు అధ్యాపకుడే.

రంగస్థలం నుంచి పరీక్షా పత్రానికి

1897 నాటి ఇంగ్లీషు పీఠికలో గురజాడ వాడుక భాషను సమర్థించింది ప్రహసనానికి తగినది, ప్రేక్షకులకు సుబోధకమైనది అన్న ప్రాతిపదికపైన. 1914లో మద్రాసు విశ్వవిద్యాలయపు తెలుగు కాంపోజిషన్ ఉపసంఘ నివేదికకు సమర్పించిన అసమ్మతి పత్రంలో వాదం పరిధి విస్తరించింది. అక్కడ ప్రశ్న నాటకానికి సంబంధించినది కాదు. విద్యార్థి తన ఆలోచనను ఏ భాషలో రాయాలన్నది. ఉపసంఘం గ్రాంథికం వైపు నిలవగా, ఆయన కావ్య ప్రయోగాలనూ, వచన చరిత్రనూ, ఇతర భాషల అనుభవాన్నీ సాక్ష్యంగా చూపి విభేదించాడు. ఈ పదిహేడేళ్ల మార్పులో నాటకకర్త వాదం అధ్యాపకుడి వాదంగా పరిణమించింది.

వ్యావహారికోద్యమపు తొలి దశలో గురజాడతో కలిసి నడిచిన వారి వృత్తులూ ఈ సందర్భంలో గమనార్హం. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో అధ్యాపకుడు, పి.టి. శ్రీనివాస అయ్యంగారు విశాఖపట్నం ఏ.వి.ఎన్. కళాశాల ప్రిన్సిపల్, జె.ఏ. యేట్స్ పాఠశాలల తనిఖీ అధికారి. ఉద్యమం బోధనా సమస్యగా మొదలుకావడానికి ఇదొక కారణం.

ముగింపు

అయితే ఇంగ్లీషు విద్య ఒక్కటే వ్యావహారిక వాదానికి దారితీసిందనడం సరికాదు. గ్రాంథిక పక్షానికి నాయకుడైన జయంతి రామయ్య పంతులు కూడా ఇంగ్లీషు విద్యావంతుడే. గిడుగు చింతనకు సవర భాషా పరిశోధన మరో ఆధారం. నిర్ణాయకమైనది ఇంగ్లీషు తెలియడం కాదు, దానిని తెలుగు విద్యార్థికి బోధించవలసి రావడం. గురజాడ భాషావాదాన్ని పాశ్చాత్య ప్రభావమన్న ఒక్క మాటతో సరిపెట్టక, తరగతి గదిలో ఎదురైన సమస్యకు వెదికిన పరిష్కారంగా చూస్తే, 1897 పీఠికకూ 1914 అసమ్మతి పత్రానికీ మధ్య ఉన్న దూరం అర్థమవుతుంది.