లినక్స్‌లో సేవా నిర్వాహక వ్యవస్థ: 'ఇనిట్' నుండి 'సిస్టమ్‌డీ' వరకు – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

లినక్స్ ఆధారిత కంప్యూటరులో కెర్నల్ ప్రారంభించే మొట్టమొదటి కార్యక్రమానికి ఒకటవ సంఖ్య దక్కుతుంది. తక్కిన సేవలన్నిటినీ లేపేది, కాచేది, నిద్రపుచ్చేది అదే. ఆ స్థానంలో మొదట 'ఇనిట్', తరువాత 'సిస్టమ్‌డీ' ఎలా కుదురుకొన్నాయి, వాటి విన్యాసం ఎటువంటిది, 2014లో డెబియన్ సమాజంలో వివాదం ఎందుకు రేగింది, తెలుగు వాడుకరికి ఈ చరిత్రతో ఉన్న సంబంధం ఏమిటి అనే అంశాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: లినక్స్, ఇనిట్, సిస్టమ్‌డీ, డెబియన్, డీమన్, యూనిట్ ఫైలు, తెలుగు పారిభాషిక పదాలు.

ఉపోద్ఘాతం

కాటారంలో ఒక అధ్యాపకుడు తన ఆండ్రాయిడ్ ఫోనులో తెలుగు వికీపీడియా పుటను తెరిచాడనుకుందాం. ఆ ఫోను లినక్స్ కెర్నల్ మీద నడుస్తుంది. ఆ పుటను పంపే వికీమీడియా సర్వర్లు కూడా లినక్స్ మీదనే, డెబియన్ అనే పంపిణీని వాడుతూ నడుస్తాయి. రెండు కొసల్లోనూ కెర్నల్ లినక్సే అయినా, కెర్నల్ తొలుత పిలిచే కార్యక్రమం మాత్రం వేరు. ఫోనులో ఆండ్రాయిడ్‌కు ప్రత్యేకంగా రాసిన ఇనిట్ ఉంటుంది. సర్వరులో సిస్టమ్‌డీ ఉంటుంది. ఈ రెండవదానిని అంగీకరించాలా వద్దా అన్న ప్రశ్న మీద ప్రపంచంలోని అతి పెద్ద స్వచ్ఛంద సాఫ్ట్‌వేర్ సమాజాల్లో ఒకటి ఒక దశలో సరిసమానంగా చీలిపోయింది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాను చదివేవారికి ఆ చీలిక కనిపించలేదు. కనిపించకపోవడమే ఇటువంటి కార్యక్రమాల స్వభావం.

తెలుగులో కంప్యూటరును గురించిన రచనలు ఎక్కువగా అక్షరరూపాలు, కీబోర్డులు, యూనికోడ్ దగ్గరే ఆగిపోయాయి. అది సహజమే. జనగామ జిల్లా బమ్మెరకు చెందిన పోతన పేరు 'పోతన2000' అనే ఖతి రూపంలో డెబియన్ భాండాగారంలోకి చేరడం తెలుగువారికి గర్వకారణంగా కనిపిస్తుంది. ఒకటవ సంఖ్య ప్రక్రియ గురించి గర్వించడానికి అటువంటిదేదీ లేదు. కానీ ఆ ఖతితో అక్షరాలు తెరపై కనబడాలంటే ముందుగా ఆ ప్రక్రియ తన పని చేసి ఉండాలి.

డీమన్ అనే మాట

'సిస్టమ్‌డీ' పేరు చివర ఉన్న 'డీ' అక్షరం 'డీమన్'కు సంకేతం. వాడుకరి తెర మీద కనబడకుండా, ఎవరో ఒకరు పని అడిగేవరకు కాచుకొని ఉండే కార్యక్రమాన్ని యూనిక్స్ సంప్రదాయం డీమన్ అంటుంది. అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాసంస్థలో 1963 ప్రాంతంలో ప్రాజెక్ట్ మ్యాక్ బృందం ఈ మాటను వాడుకలోకి తెచ్చింది. భౌతికశాస్త్రంలో మాక్స్‌వెల్ ఊహించిన 'భూతం' దీనికి ప్రేరణ అని ఆ బృందానికి చెందిన ఫెర్నాండో కోర్బాటో చెప్పారు.

దీనిని తెలుగులో 'దయ్యం' అని అనువదించడం పొరపాటు. గ్రీకు మూలంలోని ఆ పదానికి కీడు చేసేది అన్న అర్థం లేదు. దీనికి దగ్గరి మాట 'కింకరుడు'. 'కిం కరోమి', అంటే 'ఏమి చేయాలి' అని అడిగేవాడు కింకరుడని సంప్రదాయ వ్యుత్పత్తి. కాటారం మీదుగా కాళేశ్వరం వెళ్ళే యాత్రికులకు ఈ మాట కొత్త కాదు. అక్కడి ఆలయంలో ఒకే పానవట్టంపై కాలుడైన యముని పేర ఒక లింగం, ముక్తేశ్వరుని పేర మరొకటి ఉన్నాయి. యముని కొలువులో ఉండేవారు కింకరులే. సేవా నిర్వాహకం ప్రక్రియలను పుట్టించడమే కాక అంతం కూడా చేస్తుంది కనుక ఈ పోలిక మరీ దూరమైనది కాదు.

పాత పద్ధతి

యూనిక్స్ తొలి రోజుల్లో ఇనిట్ పని స్వల్పం. టెర్మినళ్ళ జాబితా చదివి, ఒక్కొక్కదాని దగ్గర లాగిన్ కోసం ఒక ప్రక్రియను నిలబెట్టేది. 1983లో ఏ.టి.అండ్.టి. విడుదల చేసిన సిస్టమ్ ఫైవ్ 'రన్‌లెవెల్' అనే భావనను స్థిరపరచింది. సున్న అంటే యంత్రం ఆగడం, ఒకటి అంటే మరమ్మతు స్థితి, ఆరు అంటే పునఃప్రారంభం. మధ్య అంకెల అర్థాలు పంపిణీని బట్టి మారేవి. లినక్స్‌లో మికెల్ వాన్ స్మూరెన్‌బర్గ్ రాసిన 'సిస్‌వీఇనిట్' ఈ పద్ధతినే చాలాకాలం నడిపింది.

ఒక్కొక్క రన్‌లెవెల్‌కు ఒక డైరెక్టరీ, అందులో షెల్ స్క్రిప్టులకు లంకెలు. ప్రారంభించవలసిన వాటి పేరు 'ఎస్' అక్షరంతోను, ఆపవలసిన వాటి పేరు 'కే' అక్షరంతోను మొదలవుతుంది. ఆ వెంటనే ఉండే రెండంకెల సంఖ్య వాటి వరుసను నిర్ణయిస్తుంది. ఎవరైనా తెరిచి చదువుకోగలిగిన పద్ధతి కావడం దీని బలం. పాతకాలపు నిర్వాహకులకు దీనిపై ఉన్న మమకారాన్ని ఛాందసమని కొట్టిపారేయడం తగదు.

లోపాలూ అంతే స్పష్టం. పని ఒకదాని వెనుక ఒకటిగా సాగుతుంది. ఒక స్క్రిప్టు ఆలస్యమైతే దాని వెనుకవన్నీ నిలిచిపోతాయి. అంతకన్నా పెద్ద చిక్కు జాడ తప్పడం. డీమన్లు తమను తాము రెండు సార్లు చీల్చుకొని తల్లి ప్రక్రియ నుండి విడిపోతాయి. అలా అనాథలైన ప్రక్రియలు సాధారణంగా ఒకటవ సంఖ్య కిందికి చేరతాయి. కాని ఏది ఏ సేవకు చెందినదో దానికి తెలియదు. ప్రక్రియ సంఖ్యను ఒక ఫైలులో రాసి పెట్టుకొని, తరువాత ఆ సంఖ్యను నమ్మి దానిని ఆపడం ఆనాటి రివాజు. ఈలోగా ఆ సంఖ్య వేరొక ప్రక్రియకు దక్కితే సంబంధం లేని కార్యక్రమం ఆగిపోయేది.

ఈ చిక్కులను గుర్తించినవారిలో సిస్టమ్‌డీ రచయితలు మొదటివారు కారు. సన్ సంస్థ సోలారిస్ 10లోను, యాపిల్ సంస్థ 2005లో 'లాంచ్‌డీ' ద్వారాను కొత్త దారులు తొక్కాయి. 2006లో ఉబుంటు కోసం స్కాట్ జేమ్స్ రెమ్నంట్ 'అప్‌స్టార్ట్' రాశారు.

2010: ఒకటవ సంఖ్యపై పునరాలోచన

2010 ఏప్రిల్ 30న లెనార్ట్ పోటరింగ్ ఒక సుదీర్ఘ వ్యాసం ప్రకటించి, కే సీవర్స్‌తో కలిసి రూపొందిస్తున్న సిస్టమ్‌డీని పరిచయం చేశారు. దానిలో రెండు ఆలోచనలు ముఖ్యమైనవి.

మొదటిది, సేవలకన్నా ముందుగా వాటి సాకెట్లను తెరిచి ఉంచడం. పంక్తిలో విస్తళ్ళు ముందే వేస్తే వంట పూర్తికాకున్నా అతిథులు వచ్చి కూర్చుంటారు. అలాగే సాకెట్ తెరిచి ఉంటే దానికి వచ్చిన సందేశాలను కెర్నల్ నిలవ ఉంచుతుంది. సేవ లేచిన తరువాత వాటిని అందుకొంటుంది. అందువల్ల పరస్పరం ఆధారపడిన సేవలను కూడా ఒకేసారి ప్రారంభించవచ్చు. ఈ ఊహ లాంచ్‌డీ నుండి వచ్చినదేనని పోటరింగ్ దాచలేదు.

రెండవది, కెర్నల్‌లోని 'సీగ్రూప్' సౌకర్యం. గూగుల్ ఇంజనీర్లు పాల్ మెనేజ్, రోహిత్ సేఠ్ 2006లో ప్రారంభించిన ఈ పని 2008 జనవరిలో 2.6.24 కెర్నల్‌తో వెలువడింది. ఒక సేవకు చెందిన ప్రక్రియలన్నీ, అవి ఎన్నిసార్లు చీలినా, ఒకే సమూహంలో ఉంటాయి. పైన చెప్పిన జాడ తప్పే చిక్కుకు ఇదే పరిష్కారం. సాకెట్ల వల్ల కలిగిన వేగాన్ని గురించి ఎక్కువగా రాశారు గాని, చరిత్రలో నిలిచే మార్పు ఈ రెండవదే.

యూనిట్ ఫైలు: అమరిక తీరు

సిస్టమ్‌డీ నిర్వహించే ప్రతి వస్తువూ ఒక 'యూనిట్'. సేవ, సాకెట్, టార్గెట్, టైమర్, మౌంట్ వంటివి కలిపి పదకొండు రకాలు. ఒక కళాశాల తెలుగు శాఖ తన తాళపత్ర ప్రతుల ఛాయాచిత్రాలను వెతికే కార్యక్రమాన్ని సొంత సర్వరులో నడుపుతున్నదనుకుందాం. దానికి మూడు భాగాల చిన్న ఫైలు సరిపోతుంది. 'యూనిట్' భాగంలో వివరణ, ఇతర యూనిట్లతో సంబంధాలు. 'సర్వీస్' భాగంలో నడపవలసిన ఆదేశం, ఏ వాడుకరి పేరిట నడపాలి, విఫలమైతే ఏమి చేయాలి. 'ఇన్‌స్టాల్' భాగంలో ఏ టార్గెట్‌తో పాటు లేవాలి. ఇందులో స్క్రిప్టు ఉండదు. ఎలా చేయాలో చెప్పక, ఏమి కావాలో మాత్రమే ప్రకటిస్తుంది.

కొత్తగా నేర్చుకొనేవారు ఎక్కువగా తడబడేది సంబంధాల దగ్గర. గొలుసుకట్టు చెరువుల్లో మీది చెరువు మత్తడి దుంకితేనే కింది చెరువుకు నీరు. అక్కడ అవసరమూ, క్రమమూ ఒక్కటే. కాకతీయుల చెరువుల నడుమ పెరిగినవారు ఇక్కడా అంతే అనుకొంటే పొరపడతారు. సిస్టమ్‌డీలో ఈ రెండూ వేర్వేరు ప్రకటనలు. 'రిక్వైర్స్' అంటే అది తప్పనిసరి అని, 'వాంట్స్' అంటే ఉంటే మంచిదని మాత్రమే అర్థం. 'ఆఫ్టర్' అంటే ఫలానాదాని తరువాత అని. తరువాత అని చెప్పకుండా అవసరమని మాత్రమే చెబితే రెండూ ఒకేసారి లేస్తాయి. ప్రతుల సూచిక ఉన్న డేటాబేస్ సిద్ధం కాకముందే వెతుకులాట కార్యక్రమం లేచి, విఫలమై పడిపోవచ్చు. విఫలమైతే తిరిగి లేపమని రాసి ఉంటే నిర్వాహకం మళ్ళీ లేపుతుంది. ముందుగా ఉన్న నియమం ప్రకారం పది సెకన్లలో ఐదుసార్లకు మించి ప్రయత్నించదు.

ఫైళ్ళ స్థానాలకూ ప్రాధాన్యక్రమం ఉంది. పంపిణీ ఇచ్చినవి 'యుఎస్ఆర్' కింద, తాత్కాలికమైనవి 'రన్' కింద, స్థానిక నిర్వాహకుడు రాసినవి 'ఈటీసీ' కింద ఉంటాయి. ఒకే పేరున్నప్పుడు ఈటీసీలోనిదే చెల్లుతుంది. మొత్తం ఫైలును మార్చనక్కరలేకుండా, ఒకటి రెండు పంక్తులను మాత్రమే చేర్చే చిన్న అనుబంధ ఫైళ్ళను పెట్టవచ్చు. మూలపాఠాన్ని ముట్టకుండా కింద పాఠాంతరం చూపే పరిష్కర్తల పద్ధతి గుర్తుకు వస్తుంది. ఫైలు మార్చిన తరువాత నిర్వాహకానికి దానిని మళ్ళీ చదవమని చెప్పాలి. 'స్టార్ట్' ఆదేశం ఇప్పుడు నడపడానికి, 'ఎనేబుల్' ఆదేశం ఇకపై యంత్రం లేచినప్పుడల్లా నడపడానికి. ఈ తేడా మరచినవారు యంత్రం పునఃప్రారంభమయ్యాక సేవ కనబడక కంగారుపడతారు.

పాత రన్‌లెవెల్ అంకెలను సిస్టమ్‌డీ 2025 వరకు తుడిచివేయలేదు. వాటిని టార్గెట్లకు మారుపేర్లుగా నిలిపింది. 2016 అక్టోబరు 11న కాటారం కరీంనగర్ జిల్లా నుండి కొత్త భూపాలపల్లి జిల్లాకు మారింది. అయినా పాత దస్తావేజుల్లో కరీంనగర్ పేరు అలాగే ఉంది. దానిని చూసి కాటారాన్ని గుర్తించవలసిందే. సాఫ్ట్‌వేరులోనూ పాత పేర్ల అవసరం అటువంటిదే.

డెబియన్ వివాదం

ఫెడోరా 2011 మే నెలలోనే సిస్టమ్‌డీకి మారింది. డెబియన్ నిర్ణయం అంత తేలికగా సాగలేదు. 1993లో ఇయాన్ మర్డాక్ స్థాపించిన డెబియన్ ఒక సంస్థ ఉత్పత్తి కాదు. స్వచ్ఛంద కార్యకర్తల సమష్టి. దాని మీద అనేక పంపిణీలు ఆధారపడ్డాయి. ఉబుంటుతో పాటు భారత ప్రభుత్వ రంగంలోని సీడాక్ రూపొందించిన బాస్ లినక్స్ కూడా డెబియన్ నుండి పుట్టినదే. తెలుగుతో సహా భారతీయ భాషలకు ఆలంబనగా ఉద్దేశించిన బాస్ వంటి వ్యవస్థల పునాదిని, ఆ భాషలతో పరిచయం లేని ఒక చిన్న సంఘం నిర్ణయించవలసి వచ్చింది.

2013 అక్టోబరులో ఈ ప్రశ్న 727708 సంఖ్య గల లోప నివేదికగా సాంకేతిక సంఘం ముందుకు వెళ్ళింది. సభ్యులు ఎనిమిదిమంది. నలుగురు సిస్టమ్‌డీ వైపు, నలుగురు అప్‌స్టార్ట్ వైపు నిలిచారు. 2014 ఫిబ్రవరిలో అధ్యక్షుడు బ్డేల్ గార్బీ తన నిర్ణాయక ఓటును సిస్టమ్‌డీకి వేశారు. కొద్ది రోజులకే ఉబుంటు అధినేత మార్క్ షటిల్‌వర్త్ తమ సొంత అప్‌స్టార్ట్‌ను విడిచి డెబియన్ బాటనే నడుస్తామని ప్రకటించారు.

వివాదం అంతటితో చల్లారలేదు. నవంబరులో సభ్యులందరి ఓటింగుకు వెళ్ళిన మరో తీర్మానం, అసలు తీర్మానమే అనవసరమన్న ఎంపికతో ముగిసింది. అదే నెలలో సాంకేతిక సంఘం నుండి ముగ్గురు తప్పుకొన్నారు. వ్యతిరేకులు కొందరు 'దేవువాన్' పేరుతో వేరు కుంపటి పెట్టారు. దాని తొలి స్థిర విడుదల 2017 మేలో వచ్చింది. సిస్టమ్‌డీతో డెబియన్ 8 వెలువడింది 2015 ఏప్రిల్‌లో.

వ్యతిరేకుల వాదాన్ని మార్పుపట్ల భయంగా మాత్రమే చిత్రించడం చరిత్రకు న్యాయం కాదు. సేవలను లేపడానికి పుట్టిన కార్యక్రమం లాగిన్లను, పరికరాలను, చిట్టాలను కూడా తన పరిధిలోకి తీసుకొంటున్నదన్నది వారి ప్రధాన అభ్యంతరం. 2012లో 'యూడెవ్' సిస్టమ్‌డీలో కలిసిపోవడాన్ని వారు ఉదాహరణగా చూపారు.

చిట్టా, భాష

'జర్నల్' అనే చిట్టా విషయంలో చరిత్ర విద్యార్థికి ప్రత్యేక ఆసక్తి ఉండాలి. పాత చిట్టాలు మామూలు పాఠం. జర్నల్ మాత్రం ద్వియాంశ రూపంలో ఉండి, ప్రత్యేక సాధనంతో తప్ప చదవడానికి రాదు. సేవ, కాలం, ప్రక్రియ వారీగా వెతకగలగడం దాని లాభం. పైగా 'వార్' కింద జర్నల్ డైరెక్టరీ లేకపోతే, చాలాకాలం మామూలుగా ఉన్న అమరికలో చిట్టా జ్ఞాపకంలోనే ఉండి, యంత్రం ఆగగానే పోతుంది. యంత్రం ఎందుకు పడిపోయిందో తెలుసుకోవలసిన మరునాటికి సాక్ష్యమే మిగలదు. ఒక్క డైరెక్టరీ సృష్టించడంతో తొలగే ఈ లోపాన్ని చిన్న సంస్థలు ఆలస్యంగా గుర్తిస్తుంటాయి.

అదే జర్నల్‌లో సందేశాల వివరణలను భాషల వారీగా చేర్చే 'క్యాటలాగ్' అనే ఏర్పాటు ఉంది. ఒక్కొక్క సందేశానికి స్థిరమైన గుర్తింపు సంఖ్య, దాని కింద ఏం జరిగిందో చెప్పే వాక్యాలు. భాష సంకేతంతో ఒక ఫైలు రాస్తే చాలు. 2005 నుండి హైదరాబాదు కేంద్రంగా పనిచేస్తున్న స్వేచ్ఛ వంటి సంస్థలు తెలుగు అనువాదానికి బాట వేశాయి. డెబియన్ స్థాపక కార్యక్రమంలో తెలుగును ఎంచుకొనే వీలుంది. కాని అనువాదం ఎక్కువగా మెనూల వరకే సాగింది. 'యూనిట్', 'డిపెండెన్సీ', 'టార్గెట్' వంటి మాటలకు స్థిరమైన తెలుగు రూపాలను నిర్ణయించడం భాషాశాఖలు చేయదగిన పని. సేవ విఫలమైనప్పుడు కనబడే వాక్యం, మెనూలోని మాటకన్నా మనిషికి ఎక్కువ అవసరం.

2024 మార్చి

వ్యతిరేకుల అభ్యంతరం పదేళ్ళ తరువాత వేరొక రూపంలో ముందుకు వచ్చింది. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు 'ఎక్స్‌జెడ్' కుదింపు గ్రంథాలయపు 5.6.0, 5.6.1 రూపాల్లో ఎవరో రహస్యద్వారం అమర్చారని బయటపెట్టారు. దూరం నుండి లాగిన్ కావడానికి అరసెకను ఎక్కువ పట్టడం ఆయనకు అనుమానం కలిగించిన ఆనవాళ్ళలో ఒకటి. లాగిన్ సేవ అయిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌కు ఎక్స్‌జెడ్‌తో నేరుగా సంబంధం లేదు. 'నేను సిద్ధం' అన్న ఒక్క కబురును సిస్టమ్‌డీకి పంపడానికి డెబియన్, ఫెడోరా వంటి పంపిణీలు దానికి సిస్టమ్‌డీ గ్రంథాలయాన్ని జతచేశాయి. ఆ గ్రంథాలయం తన చిట్టా కోసం ఎక్స్‌జెడ్‌ను వెంట తెచ్చుకొంది. డెబియన్ స్థిర విడుదలలోకి చేరకముందే ఇది పట్టుబడింది.

తప్పు సిస్టమ్‌డీది కాదు. దుండగుడు వాడుకొన్నది ఒక దారిని మాత్రమే. కాని ఆ దారి ఉండడమే వివాదాంశం. ఆ కబురు నిజానికి ఒక సాకెట్‌కు పంపే చిన్న పాఠం. దానిని ఏ గ్రంథాలయమూ లేకుండా కొద్ది పంక్తుల్లో రాయవచ్చు. అదే సంవత్సరం సిస్టమ్‌డీ తన కుదింపు గ్రంథాలయాలను అవసరమైనప్పుడు మాత్రమే తెరిచేలా మార్చుకొంది. జులైలో వచ్చిన ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 9.8 ఆ కబురును తన సొంత పంక్తులతోనే పంపడం మొదలుపెట్టింది.