బిర్ కోటలో గీసిన సుడి

పెళ్లిలో పురోహితుడు చూపించే అరుంధతి సప్తర్షి మండలంలో వసిష్ఠుడి పక్కన ఉంటుంది. ఆ వరుసలో వసిష్ఠుడి తర్వాత, చిట్టచివర మెరిసేది మరీచి. దానికి మూడున్నర డిగ్రీల దూరంలో, మామూలు కంటికి ఏమీ కనిపించని చోట ఎం 51 అనే గెలాక్సీ ఉంది. సుడి తిరిగిన రూపం ఉందని మనిషి మొట్టమొదట గుర్తించిన గెలాక్సీ ఇదే.

1773 అక్టోబరు 13న పారిస్‌లో చార్లెస్ మెస్సియే ఒక తోకచుక్కను గమనిస్తూ దీన్ని చూశాడు. ఆయన ధ్యాసంతా తోకచుక్కల మీదే. వాటిలాగే కనిపించి మోసం చేసే మసక మచ్చలకు ఒక పట్టిక రాసిపెట్టుకున్నాడు. అందులో 51వది ఇది. 1781లో ఆయన సహచరుడు పియెర్ మెషాన్, ఆ మచ్చను ఆనుకుని ఇంకో చిన్న మచ్చ ఉందని కనిపెట్టాడు. ఈ రెండోదాన్ని పాఠకులు గుర్తుపెట్టుకోవాలి. అసలు మలుపు దానివల్లే వస్తుంది, అదీ దాదాపు రెండు శతాబ్దాల తర్వాత.

తర్వాత దీన్ని చూసినవాళ్లలో జాన్ హెర్షెల్ ఒకడు. ఆయన కంటికి నడిమధ్య వెలుగు, చుట్టూ ఒక వైపు రెండుగా చీలిన వలయం కనిపించాయి. అలాగే బొమ్మ గీశాడు. మన పాలపుంత కూడా దూరం నుంచి చూస్తే ఇలాగే ఉంటుందేమో అనుకున్నాడు. ఆకారం పొరపాటే, కానీ ఆలోచన ఎంత దగ్గరికి వెళ్లిందో!

సుడిని పట్టుకున్నది విలియం పార్సన్స్. ఐర్లండ్ నడిబొడ్డున బిర్ కోట యజమాని, రోస్ మూడో ఎర్ల్. ప్రపంచంలో ఎవరి దగ్గరా లేనంత పెద్ద టెలిస్కోప్ కట్టాలన్నది ఆయన పట్టుదల. అప్పట్లో టెలిస్కోప్ అద్దాలను గాజుతో కాదు, లోహంతో చేసేవాళ్లు. రెండు పాళ్ల రాగి, ఒక పాలు తగరం కలిపితే వచ్చే ఆ మిశ్రమం వెండిలా మెరుస్తుంది, కానీ గాజు కన్నా పెళుసు. చల్లారేటప్పుడు ఏ మూల తొందరగా చల్లబడినా బిళ్ల మొత్తం పగిలిపోతుంది. రోస్ చేయదలచింది 6 అడుగుల వెడల్పు, 3 టన్నుల బరువు ఉన్న అద్దం. ఆయన నగరం నుంచి నిపుణులను పిలిపించుకోలేదు. తన ఎస్టేట్‌లో పనిచేసే ఊరివాళ్లకే నేర్పించి, చిత్తడి నేలల్లో తవ్వి ఎండబెట్టిన పీట్ పెళ్లలతో కొలిమి రాజేయించాడు. 1842లో మొదటి అద్దం పోతపోశారు. కరిగిన లోహాన్ని అచ్చులో పోశాక, వేడి తగ్గకముందే ఆ బిళ్లను ఆవంలోకి జరిపి వారాల తరబడి మెల్లగా చల్లార్చాలి. పగిలినవి పగలగా, చివరికి వాడదగ్గవి రెండు మిగిలాయి. లోహపు అద్దం గాలి తగిలితే మసకబారుతుంది. అందుకని ఒకటి టెలిస్కోప్‌లో ఉంటే, రెండోదానికి ఆవిరి యంత్రంతో మెరుగు పెట్టేవాళ్లు.

50 అడుగులకు పైగా పొడవున్న గొట్టాన్ని రెండు ఎత్తైన రాతిగోడల మధ్య గొలుసులతో వేలాడదీశారు. కింద పనివాళ్లు చక్రాలు తిప్పితే అది లేస్తుంది, వాలుతుంది. పక్కలకు మాత్రం కొద్దిగానే కదులుతుంది. చూడదలచింది గోడల మధ్యకు వచ్చేదాకా కాచుకోవాలి, దాటిపోయేలోగా చూడాలి. చూసేవాడు గోడల ఎత్తున బాల్కనీలో, చలిలో, ఆరుబయట నిలబడాలి. ఐర్లండ్‌లో మబ్బులు లేని రాత్రులే తక్కువ. అయితే ఒక అదృష్టం ఉంది. బిర్ ఉన్న అక్షాంశం వల్ల ఏప్రిల్ అర్ధరాత్రుల్లో ఎం 51 అక్కడ దాదాపు నడినెత్తిన ఉంటుంది. వాతావరణపు పొర అతి పలచగా అడ్డుపడేది అక్కడే.

1845 ఏప్రిల్‌లో రోస్ చూసినప్పుడు హెర్షెల్ చెప్పిన వలయం లేదు. నడిమధ్య నుంచి వంపు తిరుగుతూ బయటికి సాగిన బాహువులు కనిపించాయి. ఆయన గీసిన బొమ్మ ఆ జూన్‌లో కేంబ్రిడ్జ్‌లో జరిగిన బ్రిటిష్ అసోసియేషన్ శాస్త్ర సభకు చేరింది. సభాధ్యక్షుడు ఎవరో కాదు, జాన్ హెర్షెలే. ఇంత మసక వెలుగు కెమెరాకు ఇంకా చిక్కని రోజులవి. నల్లటి మసకలోంచి కన్ను పట్టుకున్నదాన్ని చెయ్యి కాగితం మీద పెట్టాలి. ఈ రోజు అంతరిక్షం నుంచి తీసిన ఫొటో పక్కన పెట్టి చూస్తే ఆ బొమ్మ ముఖ్యమైన వంపుల్లో ఎక్కడా తప్పలేదు. పెద్ద సుడి బాహువు ఒకటి సాగి, మెషాన్ చూసిన చిన్న మచ్చను తాకుతున్నట్టు కూడా రోస్ గీశాడు. 1850లో రాసిన వ్యాసంలో ఆ లంకె ఏమిటో తనకు అంతుపట్టలేదన్నాడు. లోపల ఏదో కదలిక లేకుండా ఇలాంటి అమరిక నిలవదని మాత్రం ఊహించాడు. అర్థం కాకపోయినా ఆ లంకెను వదిలేయకుండా గీసిపెట్టడమే, నా దృష్టిలో, ఆయన చేసిన అతి గొప్ప పని.

సుడిని చూసిన 1845లోనే, శరదృతువులో, ఐర్లండ్‌లో బంగాళాదుంప పంటకు తెగులు తగిలింది. మహా కరువు మొదలైంది. రోస్ టెలిస్కోప్‌ను పక్కనపెట్టి సహాయ పనుల్లో దిగాడు. ఆకాశం కొన్నేళ్లు ఆగింది.

సుడి ఉందని తేలింది సరే, అది ఏమిటి? కొత్తగా పుడుతున్న సూర్యకుటుంబం అన్నారు కొందరు. మన పాలపుంత లాంటి మరో నక్షత్ర లోకం అన్నారు ఇంకొందరు. తేల్చాలంటే దూరం తెలియాలి. ఇక్కడే ఒక కొలత అందరినీ పక్కదారి పట్టించింది. మౌంట్ విల్సన్ వేధశాలలో పనిచేసే అడ్రియాన్ వాన్ మానెన్ ఏళ్ల ఎడంతో తీసిన ఫొటోలను పోల్చి, సుడులు తిరగడం తనకు కనిపిస్తోందన్నాడు. ఎం 51 కూడా అందులో ఉంది. ఆయన లెక్కన అది లక్ష ఏళ్ల లోపే ఒక చుట్టు తిరగాలి. అంత వేగంగా తిరిగేది నిజంగా లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉంటే, దాని అంచులు కాంతి కన్నా వేగంగా పోవాలి. కాబట్టి సుడులు దగ్గరివే అని హార్లో షాప్లీ వాదించాడు. 1920 ఏప్రిల్‌లో వాషింగ్టన్‌లో ఆయనకూ, సుడులు వేరే నక్షత్ర లోకాలన్న హీబర్ కర్టిస్‌కూ జరిగిన చర్చలో ఇదొక బలమైన ఆయుధం. వాన్ మానెన్ అబద్ధమాడలేదు. ఫొటో పలకల మీద అతి సూక్ష్మమైన తేడాలను నిజాయతీగానే కొలిచి, లేని కదలికను చూశాడు.

సుడులు దగ్గరివే అన్న వాదనను కూల్చిన ఆధారం ఇంకో సుడి నుంచి వచ్చింది. ఒక రకం నక్షత్రాలు వెలుగు పెంచుకుంటూ తగ్గించుకుంటూ ఉంటాయి. వాటిని సెఫీడ్లు అంటారు. వాటి అసలు కాంతి ఎంత ఎక్కువైతే ఆ హెచ్చుతగ్గులకు అన్ని ఎక్కువ రోజులు పడుతుందని 1912లో హెన్రియెటా లెవిట్ చూపించింది. 1923 అక్టోబరులో ఎడ్విన్ హబుల్‌కు ఆండ్రోమెడాలో అలాంటి నక్షత్రం దొరికింది. దాని అసలు కాంతిని బట్టి ఆయన కట్టిన దూరం 9 లక్షల కాంతి సంవత్సరాలు. నిజానికి 25 లక్షలు. అయినా పాలపుంత హద్దులు దాటిపోవడానికి ఆ తక్కువ లెక్కే చాలింది. ఎం 51 ఇంకా ఎంతో దూరం, దాదాపు 3 కోట్ల కాంతి సంవత్సరాలు. అది ఒక చుట్టు తిరగడానికి కోట్ల ఏళ్లు పడుతుంది. కొన్నేళ్ల ఎడంతో తీసిన ఫొటోల్లో ఆ కదలిక కనిపించే అవకాశమే లేదు.

దూరం తేలేసరికి ఇంకో చిక్కు ముందుకొచ్చింది. కేంద్రానికి దగ్గరున్న నక్షత్రాలు తొందరగా చుట్టి వస్తాయి, దూరపువి ఆలస్యంగా. అలాంటప్పుడు బాహువులు కొన్ని చుట్లలోనే బిగుసుకుపోయి చెరిగిపోవాలి. మరి ఎందుకు చెరగడం లేదు? 1964లో సి.సి. లిన్, ఫ్రాంక్ షూ ఇచ్చిన జవాబు ఇది: బాహువు నక్షత్రాల గుంపు కాదు, నక్షత్రాల్లోంచి సాగే సాంద్రత అల. గడ్డి వేసుకుని నెమ్మదిగా వెళ్లే ట్రాక్టర్ వెనక రోడ్డు మీద కార్లు గుమిగూడతాయి. ముందున్నవి దాటి వెళ్లిపోతాయి, వెనక కొత్తవి వచ్చి చేరతాయి. కార్లు మారుతుంటాయి కానీ గుంపు అలాగే సాగుతుంటుంది. బాహువూ అంతే. వాయువు అలలోకి దూసుకొచ్చి ముందు నొక్కుకుపోతుంది, తర్వాత నక్షత్రాలు పుడతాయి. అదే నిజమైతే నల్లటి ధూళి చారలు బాహువు లోపలి అంచున ఉండాలి, కొత్త నక్షత్రాలు వాటికి బయటి వైపున ఉండాలి. నెదర్లాండ్స్‌లోని వెస్టర్‌బోర్క్ రేడియో టెలిస్కోప్ పరీక్షకు పెట్టింది ఎం 51నే. 1972లో వెలువడిన ఫలితాల్లో రేడియో వెలుగు గీతలు సరిగ్గా ఆ ధూళి చారల మీదే పడ్డాయి.

అదే ఏడాది అలార్, యూరీ టూమ్రే అన్నదమ్ములు కంప్యూటర్‌లో ఒక గెలాక్సీ చుట్టూ చుక్కలు పేర్చి, పక్కనుంచి ఇంకో గెలాక్సీని సాగనిచ్చారు. దాని ఆకర్షణకు చుక్కలు ఒక వైపు వంతెనలా, మరో వైపు తోకలా సాగాయి. బరువు, దారి సరిచేసుకుంటూ పోతే తెర మీద ఎం 51 రూపం వచ్చింది. రోస్ గీసిన లంకె వంతెనే! మెషాన్ మచ్చగా చూసిన చిన్న గెలాక్సీ దగ్గరగా దాటిపోయి, ఇప్పుడు వెనకవైపు ఉంది. అందుకే పెద్ద సుడి ధూళి దాని ముందు నల్లగా కనిపిస్తుంది. ఒక్కసారి కాక రెండుసార్లు వచ్చిపోయి ఉండొచ్చని తర్వాతి లెక్కలు కొన్ని చెబుతున్నాయి.

ఆ కుదుపు వల్ల పుట్టిన బరువైన నక్షత్రాలు ఎక్కువ కాలం బతకవు. 1994, 2005, 2011లలో మూడు సూపర్‌నోవాలు ఎం 51లో పేలాయి. మూడోది పేలిన చోటును 2005 జనవరిలో హబుల్ టెలిస్కోప్ తీసిన చిత్రంలో వెతికితే, అక్కడ పసుపురంగు పెద్ద నక్షత్రం ఒకటి కనిపించింది. పేలింది అదా, పక్కనే దాగిన జోడు నక్షత్రమా అని శాస్త్రజ్ఞులు రెండుగా చీలిపోయారు. అంత పసుపు దశలో నక్షత్రం పేలుతుందని సిద్ధాంతం ఊహించలేదు మరి. 2013లో హబుల్‌ను మళ్లీ అటు తిప్పారు. పసుపు నక్షత్రం లేదు. పేలింది అదేనని తేలింది, మార్చుకోవలసి వచ్చింది సిద్ధాంతమే.