గల్లాపెట్టె నిండింది, కొట్టు ఖాళీ అయింది

1923 జర్మనీ అనగానే అందరూ బండెడు నోట్ల ఫోటోలే చూపిస్తారు. నాకైతే వీధి చివర కొట్టువాడి లెక్కే ముఖ్యం అనిపిస్తుంది. 1914లో డాలరుకి 4.2 మార్కులు, 1923 నవంబరులో 4.2 లక్షల కోట్లు (సున్నాలు మీరే లెక్కపెట్టుకోండి!). ఆ అక్టోబరులో సోమవారం లాభానికి సరుకు అమ్మినా, ఆ డబ్బుతో శనివారం అందులో సగం కూడా కొనలేడు. పోనీ రేపటి ధరకే అమ్ముదామా అంటే, అక్రమలాభాల కేసు! కొన్న ధర మీదే లాభం చూడాలని కోర్టులు చాలాకాలం పట్టుబట్టాయి.

అదే సమయంలో హ్యూగో స్టిన్నెస్ లాంటి బడాబాబులు అప్పు చేసి కంపెనీలు కొని, విలువ లేని మార్కుల్లో తీర్చేశారు. చిన్నవాడికి అంత అప్పు ఎవడిస్తాడు?

నవంబరు 15న రెంటెన్‌మార్క్ వచ్చి ధరలు ఆగాయి. లక్ష కోట్ల పాత మార్కులకి కొత్తది ఒకటి. కొట్టువాడి పెట్టుబడేమో పాత మార్కుల్లోనే ఉండిపోయింది.