ఏరు దాటిన పెళ్లిళ్లు: మా భద్రాచలం ఇళ్ల చరిత్ర

భద్రాచలం మీద పుస్తకాలకు కొదవ లేదు. ఏది తెరిచినా కంచెర్ల గోపన్న, తానీషా, గోల్కొండలో పన్నెండేళ్ల చెర. కాస్త కొత్త పుస్తకమైతే చివర్లో గోదావరి వరద మట్టాల పట్టిక కూడా ఉంటుంది. గుడికీ గోదారికీ నడుమ తరతరాలుగా కాపురాలు చేసిన ఇళ్ల సంగతి మాత్రం రెండు ముక్కల్లో తేలిపోతుంది. ఆడపిల్లను ఏ ఊరికిచ్చారు, పెళ్లి ఖర్చుకు డబ్బు ఎక్కడ పుట్టింది, వరదొస్తే ఎవరి పంచన తలదాచుకున్నారు, ఏ పండుగకు ఎవరింటికి ఏం మోసుకెళ్లారు, ఇవన్నీ కలిస్తేనే ఊరి చరిత్ర అని నేను నమ్ముతాను. అడవి అంచున ఉన్న చిన్న ఊరి విషయంలో ఇది మరీ నిజం.

ముందు ఎల్లల సంగతి చెప్పాలి. అది తెలియకపోతే మా పెళ్లిళ్లు అర్థం కావు. మా ఊరున్న ఎడమ గట్టు 1860లో నిజాం చేతిలోంచి ఇంగ్లీషువాళ్ల చేతికి వచ్చింది. కొన్నేళ్లు సెంట్రల్ ప్రావిన్సెస్‌లోని ఎగువ గోదావరి జిల్లాలో ఉన్నాం. 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలను తీసుకెళ్లి మద్రాసు వైపు గోదావరి జిల్లాలో కలిపారు. ఏటికి అవతల బూర్గంపాడు, పాల్వంచ నిజాం రాజ్యంలోనే ఉండిపోయాయి. గోపన్న తహశీల్దారు పని చేసింది ఆ పాల్వంచ పరగణాకే. ఆయన ఏలుబడిలో ఒకటిగా ఉన్న రెండు గట్లూ ఇలా రెండు ప్రభుత్వాల కిందికి పోయాయి. ఇటు కలదారు రూపాయి, అటు హాలీ సిక్కా. పిల్లనివ్వాలన్నా తెచ్చుకోవాలన్నా ఏరు దాటక తప్పదు కాబట్టి పెళ్లివారు పడవెక్కి రాజ్యాలు దాటారు. కట్నం ఏ నాణెంలో ఇవ్వాలో మాట్లాడుకున్నాకే తాంబూలాలు మార్చుకున్న ఇళ్లున్నాయని పెద్దవాళ్లు చెప్పేవారు.

1950లో మా ఊళ్లో పుట్టి, ఊరు కదలకుండా బతికిన మనిషిని ఊహించండి. పుట్టింది మద్రాసు రాష్ట్రంలో. మూడేళ్లకు ఆంధ్ర రాష్ట్రం, ఆరేళ్లకు ఆంధ్రప్రదేశ్. తొమ్మిదేళ్ల వయసులో, 1959లో, తూర్పుగోదావరి జిల్లా నుంచి ఖమ్మం జిల్లాకు మారాడు. అరవై దాటాక 2014లో తెలంగాణ వచ్చింది. 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా వచ్చింది. నాలుగు రాష్ట్రాలు, మూడు జిల్లాలు, ఇల్లు ఒక్కటే. అతని పొలం పాసుపుస్తకం ఒక కాలానిదైతే పిల్లల బడి పత్రాలు ఇంకో కాలానివి. కూతురి కులధ్రువీకరణ పత్రం కోసం ఏ కచేరీకి వెళ్లాలో ప్రతి తరమూ కొత్తగా నేర్చుకుంది.

వంతెన రాకముందు ఊరికి ఏరే దారి. పాపికొండల నడుమ నుంచి రాజమండ్రి లాంచీలు వచ్చేవి. రైలు దిగాల్సిన స్టేషను పేరు భద్రాచలం రోడ్డు. అదున్నది కొత్తగూడెంలో, మాకు దాదాపు నలభై కిలోమీటర్ల దూరంలో. అక్కణ్నుంచి అవతలి గట్టుకు చేరి, రేవులో పడవ కోసం కాచుకోవాలి. ముహూర్తం దగ్గరపడుతుంటే పెళ్లికొడుకు అవతలి ఒడ్డున, పీటలు ఇవతలి ఒడ్డున. 1965లో సర్వేపల్లి రాధాకృష్ణన్ వంతెన ప్రారంభించారు. మా ఊరి చరిత్రలో గుడి కట్టిన తర్వాత అంతటి ఘటన అదేనని నా అభిప్రాయం. వంతెనతో ఖమ్మం, వరంగల్ సంబంధాలు వచ్చాయి. 1970ల చివర్లో అవతల సారపాకలో కాగితం మిల్లు మొదలయ్యాక నెలజీతం అల్లుళ్లూ వచ్చారు.

ఏరు మీద ఇంకో పెద్ద కల కూడా కన్నారు. ఆర్థర్ కాటన్ హయాంలో మొదలైన పథకం ప్రకారం సముద్రం నుంచి ఎగువ పత్తి సీమల దాకా గోదావరి మీద సరుకు పడవలు నడవాలి. అందుకే మాకు ఎగువన దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, లాకులు కట్టారు. 1871లో ఆ పథకాన్ని వదిలేశారు. దానితో పాటు వచ్చిన క్రైస్తవ మిషన్ మాత్రం ఉండిపోయింది. జాన్ కెయిన్ అనే పాద్రీ దుమ్ముగూడెంలో ఉండి కోయ భాష నేర్చుకున్నాడు. 1876 నుంచి ‘ఇండియన్ యాంటిక్వరీ’లో ఈ రెండు తాలూకాల జనజీవనం మీద వ్యాసాలు రాశాడు. మిషన్ నేర్పిన లేసు అల్లికతో అక్కడి ఆడవాళ్లు ఇంట్లో కూర్చుని నాలుగు డబ్బులు సంపాదించుకున్నారు. కెయిన్ చూపులో పరాయితనం ఉంది, ఒప్పుకుంటాను. అయినా గూడేల్లో పెళ్లి ఎలా జరిగేదో, చావు ఎలా చేసేవారో ఆనాడే కాగితం మీద పెట్టినందుకు ఆయనకు మనం రుణపడి ఉన్నాం.

గూడెం అన్నాను కదా, ఊరికి సగం ప్రాణం అక్కడే. స్థలపురాణం చెప్పే మొదటి భక్తురాలు పోకల దమ్మక్క. భద్రిరెడ్డిపాలెం మనిషి. రాముడికి ఆమె పెట్టిన నైవేద్యం తాటిపండు. ఆమె పేరున గుడివాళ్లు ఏటా సేవాయాత్ర చేస్తారు, గిరిజనులు అడవిలో దొరికినవి తెచ్చి సమర్పిస్తారు. ఈ ఒక్క ఆనవాలు చాలు, ఊరు ఎవరి నేల మీద నిలబడిందో తెలియడానికి.

కోయల్లో గట్లు అనే వంశ శాఖలుంటాయి. మూడో గట్టు, నాలుగో గట్టు, అలా ఏడో గట్టు దాకా. ఒకే గట్టువాళ్లు అన్నదమ్ముల వరుస, వాళ్లలో వాళ్లకు పెళ్లి కుదరదు. గూడెంలో అంతా ఒకే గట్టైతే పిల్ల కోసం కొండ దాటాలి, శబరి దాటాలి. అందుకే ఒక్కో ఇంటి బంధువులు చింతూరు, కోంట దాకా, ఇంకా పైకి ఛత్తీస్‌గఢ్, ఒడిశా పల్లెల దాకా పరుచుకుని ఉంటారు.

ఆ పెళ్లిళ్లకు డబ్బు అడవే ఇచ్చింది. ఎండలు ముదిరే వేళకు ఇప్పపువ్వు రాలుతుంది. చెట్టు కింద ఆకులు ముందే ఊడ్చి శుభ్రం చేసుకుంటారు. తెల్లవారుజామున బుట్టలు పట్టుకుని ఇంటిల్లిపాదీ వెళ్లి, నేలమీద లేత పసుపు రంగులో తడితడిగా పడున్న పువ్వును ఏరుతారు. ఎండ ఎక్కేలోపు పని అయిపోవాలి. వాకిట్లో ఆరబోస్తే రెండు మూడు రోజులకు గోధుమరంగుకు తిరిగి, ఎండుద్రాక్షలా ముడుచుకుంటుంది. ఆ వాసన వాడంతా పట్టుకుని ఉంటుంది. తర్వాత తునికాకు. మే నెల ఎండలో కోసుకొచ్చిన ఆకును సాయంత్రం అరుగు మీద కుప్పపోసి, యాభై ఆకులకు ఒక కట్ట చొప్పున నారతో బిగిస్తారు. అవ్వ లెక్కపెడుతుంది, పిల్లలు నార అందిస్తారు, కోడలు కట్టేస్తుంది. మర్నాడు కట్టలన్నీ కల్లానికి పోతాయి. ఆ సొమ్ము చేతికి వచ్చాకే మంగళసూత్రానికీ, కొత్త బట్టలకూ, వర్షాలకు ముందు ఇంటి కప్పుకూ లెక్కలు వేస్తారు. పట్నంలో బట్టల కొట్లవాళ్లు, వెండి పనివాళ్లు కూడా ఆ డబ్బు కోసమే ఎదురుచూసేవారు. నవమి యాత్రికుల వల్ల బజారు బతికిందని అందరూ అంటారు. తునికాకు వల్ల కూడా బతికిందని ఎవరూ అనరు. అనాలి.

వానలకు ముందు వచ్చేది విత్తనాల పండుగ, కోయవాళ్ల మాటలో విజ్జి పండుం. పూజ చేసిన గింజల్ని ఇంటింటికీ పంచుకుని, తమ విత్తనాల్లో కలుపుకుంటారు. ఆ గింజ కలవందే దుక్కిలో చల్లరు. మగవాళ్లు వేటకు వెళతారు, ఉత్తచేతుల్తో వస్తే ఆడవాళ్లు ఊరుకోరు. ఆ రోజుల్లో చింతూరు దారిలో వెళితే రోడ్డుకు అడ్డంగా ఒక వాసం పెట్టి, చేతులు చేతులు కలిపి వరసకట్టి రేల పాటలు పాడుతున్న ఆడవాళ్లు కనిపిస్తారు. బస్సు ఆగుతుంది, లారీ ఆగుతుంది. తోచింది ఇచ్చి వెళ్లాలి. మా బజారు వ్యాపారులు చిల్లర ముందే దగ్గర పెట్టుకుని బయలుదేరడం నాకు తెలుసు. అడిగేవాళ్లలో ఇచ్చేవాళ్ల సంత పరిచయస్తులుంటారు. “ఏం మామా, నిరుడు పదే ఇచ్చావు” అని గుర్తుచేసి మరీ తీసుకుంటారు.

నవమి గురించి లోకానికి తెలిసింది కల్యాణం జరిగే ఆ ఒక్క పూట. మాకు పెళ్లిపనులు ఫాల్గుణ పౌర్ణమి నాడే మొదలు. ఆ రోజున స్వామిని పెళ్లికొడుకును చేస్తారు, తలంబ్రాలు కలపడం మొదలుపెడతారు. మానికల కొద్దీ బియ్యం, పసుపు, గులాలు, నెయ్యి. కలిపే ఆడవాళ్ల అరచేతులు ఎర్రబడి రెండు మూడు రోజులు అలాగే ఉంటాయి. కోరుకొండ వైపు నుంచీ చీరాల నుంచీ భక్తులు వడ్లను గోళ్లతో ఒలిచిన గోటి తలంబ్రాలు తెస్తారు. నవమికి మా ఊళ్లో ఇంటి తాళం పడదు. ఎప్పుడో ఏరు దాటించిన ఆడపడుచు, ఆమె అత్తవారు, వాళ్ల ఊరివాళ్లు, వసారా నిండా చాపలే. మా ఇళ్లల్లో చాలా సంబంధాలు నవమి చాపల మీద మాట్లాడుకున్నవే.

ఇక వరద. పెళ్లిళ్ల శ్రావణమే మాకు గోదారి శ్రావణం. 1986లో వరలక్ష్మీ వ్రతం ఆగస్టు 15న, శుక్రవారం వచ్చింది. మర్నాడే భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. ఆనాటి ఇళ్లల్లో కలశాన్ని ఎత్తుకుని మేడల మీదికి ఎక్కిన ఇల్లాళ్లున్నారు. ఉద్వాసన ఎక్కడ చెప్పాలో తెలియక, నీరు తీశాకే చెప్పామని ఒకావిడ అనేది. మళ్లీ 2022 జులై 16న 71.3 అడుగులు వచ్చింది. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. ఈ ఊళ్లో చిన్నపిల్లాణ్ని అడిగినా 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది అని చెబుతాడు. ఆడపిల్ల కాన్పు శ్రావణంలో పడితే నెల ముందే ఎత్తు మీద ఉన్న బంధువులింటికి చేర్చడం మాకు అలవాటు. నీరొచ్చినప్పుడు గూడెం వాళ్లు పట్నం బడుల్లోకి వచ్చారు, లోతట్టు కాలనీల వాళ్లు గట్టు మీది ఇళ్లకు ఎక్కారు. ఆ పూటలకు ఎవరి కుండలో అన్నం ఎవరు తిన్నారో అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

ఇలా కలిసున్నవాళ్ల మధ్య 2014లో గీత పడింది. పోలవరం ప్రాజెక్టు ముంపు కోసమని కూనవరం, చింతూరు, వరరామచంద్రాపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలనూ, బూర్గంపాడులో కొన్ని గ్రామాలనూ, పట్టణాన్ని మినహాయించి మా భద్రాచలం మండలాన్నీ ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. ఊరు మిగిలింది, ఊరికి చేనూ చెలకా లేకుండా పోయింది. ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు పంచాయతీలు మా వీధుల చివరే మొదలవుతాయి. రాముడి మాన్యం పురుషోత్తపట్నంలో ఉంది, రాముడు మాత్రం ఇటున్నాడు. మా మండలాలే అయిన దుమ్ముగూడెం, చర్ల వెళ్లాలంటే ఇంకో రాష్ట్రం గుండా పోవాలి. ఊరి చెత్త పోయడానికి కూడా చోటు వెతుక్కోవాల్సి వచ్చింది. ఎటపాక నుంచి కోడలు నొప్పులు పడుతూ ఇప్పటికీ మా ఏరియా ఆసుపత్రికే వస్తుంది. పుట్టిన బిడ్డ ఒక రాష్ట్రం, ఇల్లు ఇంకో రాష్ట్రం. రేషను కార్డులో పేరు ఎక్కించడానికి ఆ తండ్రి తిరిగే తిరుగుడు చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

ఈ సంబంధాల లెక్క గూడెం భద్రంగానే దాచుకుంది. వాళ్లకు డోలీలున్నారు. వేల్పు కొలుపుల్లో, పెళ్లిళ్లలో, చావుల్లో డోలు వాయిస్తూ, పడిగె గుడ్డ విప్పి, ఆ గట్టువాళ్ల వంశం ఎక్కడ పుట్టి ఎక్కడెక్కడ తిరిగి వచ్చిందో పాడి చెబుతారు. మణుగూరు దగ్గర కూనవరం నివాసి సకిని రామచంద్రయ్య ఆ కథలు కోయలోనూ తెలుగులోనూ చెప్పేవారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2024లో కన్నుమూశారు. ఆయనతో ఎన్ని వంశాల కథలు పోయాయో తలుచుకుంటే దిగులేస్తుంది. పట్నంలో ఉన్న మాకు అలాంటి డోలీ కూడా లేడు. మాకున్నవి శుభలేఖలు, గోడల మీద వరద గీతలు, పెద్దవాళ్ల నోళ్లు.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. ఘాట్ల గురించి, రోడ్ల గురించి మాట్లాడుతున్న పెద్దలకు నాదొక విన్నపం. ఆ పుష్కరాలలోపు ఐదు పంచాయతీల సంగతి రెండు ప్రభుత్వాలూ కూర్చుని తేల్చండి. గూడేల్లో మిగిలిన డోలీల కథలు రికార్డు చేయించండి. నా ఊరివాళ్లకు ఇంకొకటి. మీ ఇంట్లో 1986 చూసినవాళ్లు, పడవ మీద పెళ్లికి వెళ్లినవాళ్లు ఉంటే ఈ నవమికి వాళ్ల పక్కన కూర్చుని పేర్లు, ఊళ్లు, సంవత్సరాలు ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టండి. శుభలేఖలు పారేయకండి.