పడవ గూడు: దాని చరిత్ర

నీటిపై పయనించు మానవునకు అడుగున పలక యెంత అవసరమో, పైన నీడయు నంత అవసరము. అయితే ఎండను, వానను ఆపు కప్పు గాలిని గూడ పట్టును. గాలి పట్టిన కప్పు చిన్న పడవను తలక్రిందులు చేయగలదు. ఈ రెండు చిక్కుల నడుమ దారి వెదకుటయే పడవ గూటి చరిత్ర.

నార్సింగి సమీపమున ప్రవహించు మూసీ దూరప్రయాణపు పడవలకు అనువైన నది కాదు. వరదలో ఉరవడి హెచ్చు, వేసవిలో నీరు స్వల్పము. తెలంగాణమున నదులు దాటుటకు ప్రజలు వాడినది పుట్టి. వెదురుబద్దలతో బుట్టవలె అల్లి, తోలు కప్పిన యీ గుండ్రని నావకు గూడు లేదు. గట్టునుండి గట్టునకు చేరు కొద్దిసేపటికి గూడేల? 1908 సెప్టెంబరు 28వ తేదీ నాటి మహావరద పిమ్మట, 1920లో మూసీపై ఉస్మాన్‌సాగరు, 1927లో ఈసీపై హిమాయత్‌సాగరు పూర్తియైనవి. విశాలమైన నిలువనీరు ఏర్పడినది గాని, అవి వరద నాపుటకును, నగరమునకు త్రాగునీ రిచ్చుటకును కట్టినవి. పడవల రాకపోకలకు గాదు. కావున గూటిపడవను చూడవలెనన్న కోస్తా కాలువల కథ తెలిసికొనవలెను.

1852లో ధవళేశ్వరము ఆనకట్టయు, 1855లో బెజవాడ ఆనకట్టయు పూర్తియైన పిదప, డెల్టా కాలువలు పొలములకు నీటిని, జనులకు మార్గమును గూడ ఇచ్చినవి. అనుకూలమైన గాలి యున్నచో తెరచాప ఎత్తుదురు. లేనిచో గట్టుపై నడచుచు మనుష్యులు త్రాటితో పడవను లాగుదురు. లాకుల యొద్ద ఆగుచు సాగు ఈ ప్రయాణము ఒక్కొక్కప్పుడు రాత్రియు పట్టెడిది. అందుచే వెదురుబద్దలను విల్లువలె వంచి, పైన చాపలు పరచి గూడు కట్టిరి. కాలువనీరు నెమ్మదియైనది, అలల తాకిడి లేదు. వంతెనల క్రింద దూరుటకై గూడు పొట్టిగా నుండెను. అందుచే స్థిరమైన గూడు అచట చెల్లినది.

1935లో పాతూరి నాగభూషణముగారు గుంటూరు జిల్లాలో కొల్లూరు, పెదవడ్లపూడి గ్రామముల నడుమ కాలువపై పడవ గ్రంథాలయమును నడిపించిరి. పాఠకుని రేవునకే పుస్తకము చేరినది. తడిసిన పుస్తకము మరల పుస్తకము కాదు. అట్టి పడవకు పైకప్పు ఎంత ముఖ్యమో వేరుగ చెప్పనక్కరలేదు.

చెరువులందును, గాలి మారు వెడల్పు నీటియందును స్థిరమైన గూడు ప్రమాదకరము. అచటికి తగినది ముడుచుకొను టాపు. హైదరాబాదు వీధులలో ఒకప్పుడు విరివిగా తిరిగిన రిక్షా టాపునకును దీనికిని సూత్ర మొక్కటే. వంచిన కమ్ముల కొనలు పడవ అంచుల యందలి ఇరుసుల వద్ద కలియును. వానిపై కాన్వాసు గుడ్డ పరచి, ముందు వెనుకల పట్టీలతో బిగింతురు. ఇరుప్రక్కల ఇరుసులు సమానదూరమున నుండవలెను. వాని క్రింది కొయ్య దృఢముగా నుండవలెను. పట్టీలు సమానముగా బిగియవలెను. గుడ్డ వదులైనచో వాననీరు గుంటకట్టి, పై బరువు పెరిగి పడవ ఒరగును. తెడ్డు వేయు చేతికి కమ్మి తగులరాదు. మడచిన టాపు చుక్కాని పట్టువాని చూపున కడ్డు రారాదు. గాలి లేచినంతనే పట్టీలు విప్పి మడచుట సరంగు మొదటి పని.

రైళ్లును, బస్సులును పెరిగినకొలది కాలువ ప్రయాణము క్షీణించినది. దానితో గూటిపడవలును అరుదైనవి. అయినను అవి నేర్పిన నియమము మారలేదు: నీటి స్వభావము నెరిగి గూడు కట్టవలెను.