మంచినీళ్ళు అనే మాట: నెల్లూరు నుంచి నల్లగొండ దాకా ఒక పరిశోధన చరిత్ర

తెలుగులో తాగే నీటికి వేరే పేరు లేదు. ‘మంచినీళ్ళు’ అంటాం. ఎవరింటికి వెళ్ళినా ముందు అడిగేది మంచినీళ్ళు కావాలా అనే. బావిలో నీరు నోటికి ఉప్పగా తగిలితే ఉప్పునీళ్ళు, లేకపోతే మంచినీళ్ళు. పొరుగు భాషల్లోనూ దాదాపు ఇదే తీరు. తమిళులు నల్ల తణ్ణీర్ అంటారు, కన్నడిగులు సిహినీరు అంటారు. అన్నిచోట్లా తీర్పు చెప్పేది నాలుకే. ఆ నాలుకకు తెలియని విషం ఒకటి నీళ్ళలో ఉండవచ్చునని మన పల్లెలకు తెలిసి ఇంకా నూరేళ్ళు కాలేదు. దాన్ని కనిపెట్టడానికి, ఎందుకు వస్తున్నదో తెలుసుకోవడానికి, పోగొట్టడానికి ఎన్ని శాస్త్రాలవారు కలిసి పనిచేయవలసి వచ్చిందో ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నాము. ఈ కథ తెలుగుగడ్డ మీదనే మొదలైనా అక్కడితో ఆగదు. పావగడ, బాగేపల్లి, కోలారు, కృష్ణగిరి, ధర్మపురి, చంద్రపూర్ ప్రాంతాలలో తరతరాలుగా స్థిరపడిన మన కుటుంబాల కథ కూడా ఇందులో ఉంది.

మొదటి అధ్యాయం నెల్లూరు జిల్లాది. అప్పటి నెల్లూరు జిల్లా ఇప్పటికంటె చాలా పెద్దది. పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు అందులోనే ఉండేవి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అటు చేరాయి. ఆ మెట్ట గ్రామాలలో పిల్లల పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు పడేవి. జనం వాటిని గారపళ్ళు అని ఊరుకునేవారు. నడివయస్సు వచ్చేసరికి కొందరికి మెడ తిరగదు, నడుము వంగదు. కాళ్ళు చచ్చుబడి మంచం పట్టినవారూ ఉండేవారు. పళ్ళకూ నడుముకూ సంబంధం ఉందని ఎవరూ అనుకోలేదు. ఒకటి అందానికి సంబంధించినదనీ, మరొకటి వయస్సుకో కర్మకో సంబంధించినదనీ అనుకున్నారు.

ఆ రెండింటినీ కలిపి చూసినది మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు నెల్లూరు జిల్లాలోని ఈ జబ్బు మీద వ్యాసం ప్రచురించారు. అదే సంవత్సరం షార్ట్, మెక్‌రాబర్ట్, బార్నార్డ్, నాయర్ కలిసి మద్రాసు రాష్ట్రంలోని ఫ్లోరోసిస్ మీద మరో వ్యాసం రాశారు. ఈ పేర్లను కొంచెం నిదానంగా చూడాలి. షార్ట్ పరాన్నజీవులను అధ్యయనం చేసే శాస్త్రజ్ఞుడు. మలేరియా క్రిమి మనిషి కాలేయంలో దాగే దశను 1948లో గార్న్‌హామ్‌తో కలిసి కనుగొన్నది ఈయనే. రాఘవాచారి నీటిని విశ్లేషించే రసాయనజ్ఞుడు. మెక్‌రాబర్ట్ వైద్యుడు. బార్నార్డ్ ఎక్స్‌రే నిపుణుడు. మద్రాసులో ఆ శాస్త్రానికి ఏర్పడిన సంస్థ ఆయన పేరుతోనే నడుస్తున్నది. వీరిలో ఏ ఒక్కరూ ఒంటరిగా ఈ జబ్బును గుర్తించగలిగేవారు కారు. వైద్యునికి కనిపించినది వంగని నడుము. ఎక్స్‌రేలో కనిపించినది రాయిలా చిక్కబడిన ఎముక, సున్నంపట్టి బిగిసిన సంధిబంధాలు. ఆ రెండింటికీ మూలం బావిలో ఉన్నదని చెప్పినది నీటి పరీక్ష.

నీళ్ళలో ఫ్లోరైడ్ కోసం వెదకాలని వారికి ఎలా తోచింది? అందుకు ఇతర దేశాల పరిశోధన దారి చూపింది. అమెరికాలో పిల్లల పళ్ళ మచ్చలకు కారణం తాగునీటిలోని ఫ్లోరైడ్ అని 1931లో తేలింది. అది తేల్చినవారిలో ఒకరైన చర్చిల్ ఒక అల్యూమినియం కంపెనీ రసాయనజ్ఞుడు. 1932లో డెన్మార్కులో క్రయోలైట్ అనే ఖనిజాన్ని పొడిచేసే కార్మికుల ఎముకలలో ఇటువంటి మార్పునే వైద్యులు చూశారు. అక్కడ దుమ్ము రూపంలో శరీరంలో చేరినది ఇక్కడ నీటి రూపంలో చేరింది. కోపెన్‌హేగెన్ ఫ్యాక్టరీ కూలీకీ పొదిలి రైతుకూ ఉన్న బంధుత్వం ఇదీ.

రెండవ ప్రశ్న ఇంకా కష్టమైనది. ఒకే రకం నీళ్ళు తాగే రెండు ఊళ్ళలో ఒక ఊరివారికి పళ్ళు మాత్రమే చెడితే, మరొక ఊరివారి ఎముకలు ఎందుకు బిగుసుకుపోతున్నాయి? 1940లో పండిట్, రాఘవాచారి మరి ఇద్దరితో కలిసి ప్రచురించిన అధ్యయనం దీనికి జవాబు వెదికింది. నీటితోపాటు కంచాన్ని కూడా చూడాలని అది చెప్పింది. తిండిలో, ముఖ్యంగా సి విటమిన్‌లో, లోటు ఉన్నచోట జబ్బు ముదిరింది. అంటే ఒకే బావి నీళ్ళు ఉన్నవాడిని ఒక రకంగా, లేనివాడిని మరొక రకంగా బాధించాయి. నీటి రసాయనం మాత్రమే చూసి ఉంటే ఈ సంగతి తేలేది కాదు.

ఇక్కడ భూగర్భశాస్త్రం చెప్పే మాట వినాలి. దక్కను పీఠభూమిలో విస్తారంగా పరచుకున్న గ్రానైట్ శిలల్లో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలు ఉన్నాయి. నీరు ఎంతకాలం ఆ రాతి పగుళ్ళలో నిలిస్తే అంత ఫ్లోరైడ్ అందులో కరుగుతుంది. నీటిలో క్షారం ఎక్కువై, కాల్షియం తక్కువైతే ఇంకా సులువుగా కరుగుతుంది. వాన తక్కువగా పడి, ఎండకు ఆవిరయ్యేది ఎక్కువైనచోట అది మరింత చిక్కబడుతుంది. నల్లగొండ, అనంతపురం, పావగడ, కోలారు, ధర్మపురి పేర్లు ఒకే పట్టికలో రావడానికి కారణం ఇదే. భాషల సరిహద్దులు, రాష్ట్రాల సరిహద్దులు రాతికి తెలియవు.

నల్లగొండ పేరు వైద్య పత్రికలకు ఎక్కినది 1955లో. సిద్దిఖీ అనే వైద్యుడు అక్కడి ఫ్లోరోసిస్ మీద బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం రాశారు. అదే సంవత్సరం డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు పునాదిరాయి పడింది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదిలారు. ఆ తర్వాత కొద్ది ఏళ్ళకే హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు నల్లగొండ పల్లెల్లో ఒక కొత్త లక్షణం గమనించారు. ఎదిగే పిల్లల మోకాళ్ళు లోపలికి వంగి ఒకదానికొకటి తాకుతున్నాయి, పాదాలు ఎడంగా పోతున్నాయి. వారి ఎముకలు నెల్లూరులో చూసినట్టు చిక్కబడడమే కాక కొన్నిచోట్ల గుల్లబారుతున్నాయి. కృష్ణమాచారి, కృష్ణస్వామి ఈ సంగతిని 1973లో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు.

ఈ సంస్థ కూనూరులో 1918లో మొదలై 1958లో హైదరాబాదు చేరింది. వైద్యులతోపాటు ఆహార రసాయనజ్ఞులు కూడా ఉండడం దాని బలం. అందుకే పరిశోధన బావి దగ్గర ఆగక జొన్నకంకి దాకా వెళ్ళింది. జబ్బు ఉన్న ఊళ్ళలోనూ లేని ఊళ్ళలోనూ పండిన వరి, జొన్న, సజ్జ గింజలలో రాగి, మాలిబ్డినం, జింకు ఎంతెంత ఉన్నాయో 1977లో ప్రకటించారు. జలాశయం నుంచి ఊరిన నీటివల్ల నేల అడుగు నీటిమట్టం పెరిగి, నేలలో క్షారం హెచ్చి, జొన్నలో మాలిబ్డినం ఎక్కువై, శరీరంలో రాగి తరిగి, ఎముక బలహీనపడుతున్నదేమోనని ఒక ఊహ చేశారు. అది ఊహగానే నిలిచింది కాని, ఆనకట్ట కట్టేటప్పుడు ఎవరూ అడగని ప్రశ్న ఒకటి దానివల్ల ముందుకు వచ్చింది. పొలానికి మేలు చేసే పని పక్క ఊరి మోకాలికి ఏం చేస్తుంది?

ఇటువంటిదే మరో ఉదాహరణ ఉంది. మెట్లబావులలో దిగి నీళ్ళు ముంచుకునే పల్లెలను నారికురుపు వేధించేది. దాన్ని వదిలించుకోవడానికి బావులను మూసి, చేతిపంపులు వేయడం మంచి మార్గమైంది. 2000లో భారతదేశంలో నారికురుపు అంతరించినట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. ఇది చిన్న విజయం కాదు. కాని బోరు లోతుకు వెళ్ళినకొద్దీ రాతి పగుళ్ళలో చాలాకాలం నిలిచిన నీరు పైకి వచ్చింది. ఆ నీరు తేటగా ఉంటుంది, క్రిములు ఉండవు, రుచిగానూ ఉంటుంది. నాలుక దాన్ని మంచినీళ్ళనే అంటుంది. ఒక శాస్త్రం తెరిచిన తలుపు గుండా వచ్చినదేమిటో చెప్పడానికి మరో శాస్త్రం కావలసి వచ్చింది.

పోగొట్టే ఉపాయం నాగపూరు నుంచి వచ్చింది. 1958లో ప్రజారోగ్య ఇంజనీరింగు పరిశోధనకు ఏర్పడి, 1974లో నీరి అనే పేరు పొందిన సంస్థ అక్కడ ఉంది. అక్కడివారు 1975లో ప్రకటించిన పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. కావలసినవి పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు. నీటిలోని ఫ్లోరైడును, క్షారాన్ని బట్టి పటిక మోతాదు నిర్ణయించి, నీటిలో వేసి, పది నిమిషాలు నెమ్మదిగా కలిపి, గంటసేపు కదపకుండా ఉంచితే ఫ్లోరైడు మడ్డితోపాటు అడుగుకు దిగుతుంది. పైతేట వాడుకోవచ్చు. పటిక మన ఇళ్ళకు కొత్తది కాదు. బురదనీళ్ళు తేరడానికి పటికో చిల్లగింజో వాడడం మన అమ్మమ్మలకు తెలుసు. బక్కెట్టులోనూ చేయవచ్చు, ఊరంతటికీ ట్యాంకులోనూ చేయవచ్చు. తర్వాత ఈ పద్ధతి టాంజానియా, కెన్యా, ఇథియోపియా దేశాలకు కూడా వెళ్ళింది. అక్కడి ఇంజనీర్ల నోట ఇప్పటికీ నల్లగొండ అనే తెలుగు ఊరి పేరు పలుకుతున్నది.

అయితే పద్ధతి దొరికినంత మాత్రాన సమస్య తీరలేదు. మోతాదు ప్రతి బావికీ వేరు. పటిక ఎక్కువైతే నీటి రుచి మారుతుంది, తక్కువైతే ఫలితం ఉండదు. అడుగున మిగిలే మడ్డిని ఎక్కడ పారబోయాలి? తెల్లవారి లేచి పొలానికి పోయే ఇల్లాలు రోజూ ఈ పని ఎప్పుడు చేయాలి? ఊరి ప్లాంటులో పటిక అయిపోతే ఎవరు కొనాలి? ఇవి రసాయనశాస్త్రం ప్రశ్నలు కావు. సమాజశాస్త్రం, పంచాయతీ పాలన, స్త్రీల శ్రమ గురించిన ప్రశ్నలు. వీటికి జవాబు లేనిచోట ప్లాంట్లు మూలపడ్డాయి.

చివరకు నల్లగొండ ప్రజలే సమస్యను ఢిల్లీ దాకా తీసుకువెళ్ళారు. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నీటికోసం నిరసనగా నల్లగొండ స్థానానికి 480 మంది పోటీ చేశారు. బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. ఆ తర్వాత క్రమంగా తేలినది ఏమంటే, ఫ్లోరైడును బావి దగ్గర తీసివేయడం కంటె నదినీటిని ఊరికి తేవడమే నిలిచే పరిష్కారమని. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలకు కావేరి నీరు అందించే హొగెనకల్ పథకం 2013లో ప్రారంభమైంది. తెలంగాణలో మిషన్ భగీరథ మొదటి దశ 2016లో ప్రారంభమైంది. కొళాయిలో వచ్చే నది నీరు రేపటి పిల్లల పళ్ళను కాపాడగలదు. నలభై ఏళ్ళుగా ఎముకలో చేరినదాన్ని మాత్రం ఏ నీరూ వెనక్కి తీయలేదు.

ఇంతకూ ఇందులో భాషాశాస్త్రానికి ఏం పని అని విద్యార్థులు అడగవచ్చు. జవాబుగా మా పొరపాటు ఒకటి చెప్పవలసి ఉంది. పరిశోధక విద్యార్థులుగా ఉన్న రోజుల్లో మేము కర్ణాటక సరిహద్దు తెలుగు మాండలికం సేకరించడానికి పావగడ వైపు ఒక పల్లెకు వెళ్ళాము. భద్రిరాజు కృష్ణమూర్తి గారు సంపాదకత్వం వహించిన వ్యవసాయ వృత్తి పదకోశం 1962లో వచ్చింది. అది చూపిన దారిలో నేలల పేర్లు, నీళ్ళ పేర్లు రాసుకోవాలని మా ప్రణాళిక. ఒక పెద్దాయన అరుగు మీద కూర్చుని రెండు రోజులు ఓపికగా చెప్పారు. దంత్యాక్షరాలు పలికేటప్పుడు ఆయన నాలుక పళ్ళను ఎక్కడ తాకుతున్నదో దగ్గరగా కూర్చుని చూశాము, బొమ్మ గీసుకున్నాము. ఊళ్ళో బావి పేరు అడిగితే ‘మంచినీళ్ళ బాయి’ అన్నారు. దాన్నీ రాసుకున్నాము, వకారం యకారమైనదని పక్కన గుర్తు పెట్టుకున్నాము.

చాలా ఏళ్ళ తర్వాత ఫ్లోరోసిస్ మీద ఒక వైద్య వ్యాసంలో ఫోటోలు చూసినప్పుడు ఆ పెద్దాయన పళ్ళు గుర్తుకు వచ్చాయి. అడ్డంగా గోధుమరంగు చారలు. మనమడిని పిలవడానికి మెడ తిప్పలేక ఒళ్ళంతా తిప్పిన తీరు కూడా గుర్తుకు వచ్చింది. అప్పటికి వైద్యులు ఆ లక్షణాలను వర్ణించి ఎన్నో ఏళ్ళయింది. అవి మా విశ్వవిద్యాలయ గ్రంథాలయంలోనే మరో అంతస్తులో ఉన్నాయి. మేము ఆ అంతస్తుకు ఎన్నడూ వెళ్ళలేదు. పళ్ళు చూడడానికే వెళ్ళి, పళ్ళు చూడకుండా వచ్చాము.

ఆ నోటుపుస్తకం మా దగ్గర ఇప్పటికీ ఉంది. అందులోని ధ్వనుల వివరణ తప్పు కాదు. కాని ఆ ‘మంచినీళ్ళ బాయి’ అనే పదబంధంలో ధ్వని మార్పుకంటె పెద్ద సంగతి ఒకటి ఉందని ఇప్పుడు తెలుస్తున్నది. మంచి అనే మాట అక్కడ ఒక సాక్ష్యం. జనం దేన్ని నమ్మి తాగుతున్నారో అది చెబుతుంది. ‘మీ నీళ్ళలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉంది’ అని అధికారి చెప్పినా, తాతలనాటి నుంచి మంచినీళ్ళని పిలిచిన బావిని జనం అంత తేలికగా వదలరు. ఆ మాటను ఎలా ఎదుర్కోవాలి, ఏ మాటలో చెబితే ఇల్లాలు వింటుంది అన్నది మన శాస్త్రం చెప్పగల సంగతి. తమిళం, కన్నడం, మరాఠీ బడిలో చదివి ఇంట్లో తెలుగు మాట్లాడే మన విద్యార్థులకు ఇది మరింత దగ్గరి పని. ప్రభుత్వ నోటీసు ఒక భాషలో వస్తుంది, అవ్వ అడిగేది మరో భాషలో. నడుమ ఉన్నది మీరే.

ఈ సెలవులకు ఇళ్ళకు వెళ్ళే విద్యార్థులకు మా మనవి ఒకటే. మీ ఊరి బావులకూ బోర్లకూ జనం పెట్టుకున్న పేర్లు రాసుకుని రండి. ప్రతి పేరు పక్కనే ఆ నీటి పరీక్ష ఫలితం కూడా పంచాయతీలోనో తాగునీటి శాఖ కార్యాలయంలోనో అడిగి రాసుకోండి. మాటలు చెప్పినవారి ముఖం వంక కూడా ఒకసారి చూడండి.