'మూస్కులుస్' శబ్దము – అర్థవిచారము

లాటిన్ భాషలో 'మూస్' అనగా ఎలుక. దానికి అల్పార్థక ప్రత్యయము చేరగా 'మూస్కులుస్' అయినది. చిట్టెలుక అని అర్థము. ఇంగ్లీషువారి 'మజిల్' పదము ఫ్రెంచి భాషాద్వారమున దీనినుండి వచ్చినదే. కండరమునకు చిట్టెలుక పేరెట్లు వచ్చినదను ప్రశ్నకు నిఘంటుకారులు సాధారణముగా ఒక్క వాక్యముతో సమాధానము చెప్పి విడుతురు: మోచేయి ముడిచినపుడు జబ్బమీద చర్మము క్రింద లేచి కదలు కండ ఎలుకవలె తోచునట. ఊహ అందముగనే యున్నది. కాని ప్రయోగములను పరిశీలించినచో చలనమొక్కటే ఈ నామమునకు హేతువని చెప్పుటకు వీలు కలుగుట లేదు.

క్రీ.శ. మొదటి శతాబ్దమున సెల్సస్ రచించిన వైద్యగ్రంథమున ఈ పదము దేహమందలి కండరమునకే వాడబడినది. అంతకుముందే జూలియస్ సీజర్ తన అంతర్యుద్ధచరిత్రలో దీనిని వేరొక అర్థమున ప్రయోగించి యుండెను. క్రీ.పూ. 49లో రోమన్ సేనలు మసీలియా నగరమును (ఇప్పటి మార్సెయ్) ముట్టడించినపుడు, 60 అడుగుల పొడవుగల దూలముల కప్పు నొకదానిని నిర్మించి, దానిని దొర్లు దుంగలపై నెట్టుకొనుచు శత్రువుల బురుజును చేరి, దాని మాటున నిలిచి అడుగురాళ్లను గునపములతో పెకలించినవి. ఆ కప్పు పేరు మూస్కులుస్. గోడ మొదట కన్నము వేయు ఎలుకయే ఇచ్చట ఉపమానమని మాకు తోచుచున్నది. ఇవిగాక ఆల్చిప్ప జాతి జీవి యొకదానికిని ఇదే పేరు. ఆ జీవి రాతిని పట్టుకొని కదలకుండ ఉండునది. దానియందు ఎలుకను పోలినది ఆకారమే కాని చలనము కాదు. గ్రీకు భాషలోని 'మ్యూస్' శబ్దమునకును ఎలుక, కండరము, ఆల్చిప్ప అను మూడర్థములు కలవు.

సంస్కృతమును ఇచ్చట సాక్ష్యమునకు పిలువవలెను. మూష, మూషిక శబ్దములు లాటిన్ 'మూస్'నకు సోదరములు. ఆ కుటుంబములోనిదే 'ముష్క' శబ్దము. కాని దానికి వృషణమని అర్థము, తెలుగున ముష్కమనునదియు అదియే. నున్నగా ఉబ్బిన రూపమే ఈ పేరునకు ఆధారమై యుండవలెను. రెండు కొనలు సన్నగిల్లి నడుమ ఉబ్బిన కండరమునకును ఇదే న్యాయము వర్తించునని మా అభిప్రాయము. ప్రాచీన స్లావ్ భాషలో ఎలుకను తెలుపు శబ్దమునుండి బాహువును తెలుపు శబ్దము పుట్టుట మాత్రము చలనవాదులకు కొంత అనుకూలమని ఒప్పుకొనవలసి యున్నది.

శాస్త్రపరిభాషలో చేరిన పిదప ఎలుక మరుగుపడినది. కండరము పుట్టుచోటును 'కపుట్' (తల) అనియు, ఉబ్బిన నడిమి భాగమును 'వెంటర్' (కడుపు) అనియు వ్యవహరించిరి. రెండు తలలు గలది 'బికెప్స్'. మన ద్విశిరస్కము దానికి ముక్కస్య ముక్కగా అనువాదము. ఇందలి తుదిసకారము ఏకవచన రూపమునకే చెందినది, బహువచనము 'బికిపితేస్'. బహువచన చిహ్నమని భ్రమించి సకారమును ఊడదీసి 'బైసెప్' అను వాడుక ఇంగ్లీషునందే పుట్టినది. 1543లో బేసెల్‌లో వెలువడిన వెసేలియస్ మహాగ్రంథమున కండరములకు చాలవరకు సంఖ్యలే కలవు. పేర్లు స్థిరపడుటకు చాలకాలము పట్టినది. 1895నాటి బేసెల్ పట్టికయందును, 1998నాటి అంతర్జాతీయ పరిభాషయందును మూస్కులుస్ పదమే నిలిచినది.

ఇక మన 'కండరము' సంగతి. సుశ్రుతసంహిత శారీరస్థానమున పేశులు 500, స్నాయువులు 900, కండరలు 16 అని వేరువేరుగా లెక్కింపబడినవి. గుండ్రని స్నాయువులే కండరలని అచ్చటనే చెప్పబడినది. అనగా సుశ్రుతుని పేశియే నేడు మనము కండరమనునది. అతని కండర మాంసము కాదు, లావుపాటి నరమువంటి బంధము. తెలుగున ఈ అర్థము మారుటకు 'కండ' అను మాటతోడి ధ్వనిసామ్యమే తోడ్పడి యుండునని తలంతుము. హిందీవారు మాంసపేశి అని సుశ్రుతుని మార్గముననే నిలిచిరి. కన్నడిగులు స్నాయు శబ్దమును కండరార్థమున వాడుచున్నారు. మన పాఠ్యగ్రంథములలోనో, స్నాయుబంధనమనగా కండరమును ఎముకకు కట్టు పట్టీ.

ఒకే శాస్త్రమునందలి మూడు సంస్కృతపదములను మూడు భాషలు మూడు విధములుగా పంచుకొన్నవి. పదము సమానమే కదా యని కన్నడ వైద్యగ్రంథములోని స్నాయువును తెలుగున అట్లే ఉంచినచో కండరమునకు కలిగిన గాయము దాని బంధమునకు కలిగినట్లగును. సుశ్రుతుని పదునారు కండరలను నేటి అర్థమున చదువు విద్యార్థి, ప్రాచీనులకు దేహమందు పదునారు కండరములే తెలియునని వ్రాయగలడు; ఐదువందల పేశులు ఆ అధ్యాయముననే ఉన్నవి.